ప్రశంసాపత్రం కింద చెమ్మ

వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం గారంటారు. ముప్ఫై ఏళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషికి అంతకంటే నప్పే పేరు దొరకదు. ఎవరైనా ఆహ్వానపత్రిక చేతికిస్తే ముందు కామాలు చూస్తారు, తర్వాత తేదీ చూస్తారు, ఓపికుంటే ఎవరు పిలిచారో చూస్తారు.

ఈ పాత ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులో పదకొండు తప్పులు పట్టి, అమ్మినవాడి చేత క్షమాపణ కూడా చెప్పించుకున్నారు. గోడల్లో నలభై ఏళ్లనాటి ఇనప పైపులున్న సంగతి దస్తావేజులో రాయలేదు కాబట్టి అది ఆయన కంట పడలేదు.

ఆర్నెల్ల క్రితం ఆఫీసువాళ్లు ఆయనకో ప్రశంసాపత్రం ఇచ్చారు. 'ఏ తప్పూ తప్పించుకోలేని కన్ను' అని దానిమీద బంగారురంగు అక్షరాలు. ఫ్రేము కట్టించి, గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాడి కంటా పడేలా హాలు గోడకు తగిలించారు. మేకు స్వయంగా కొట్టుకున్నారు. సగం దిగాక లోపల ఠంగుమంటే, పాతకాలం గోడంటే ఇలా ఉండాలని మురిసిపోయి ఇంకో నాలుగు దెబ్బలు వేశారు.

అసలు కథ మొదలైంది ఒక ఆదివారం పొద్దున. ఫ్రేము కింద గోడ పళ్లెమంత మేర చెమ్మెక్కిందని భార్య చూపించింది. ఎక్కడో పైపు కారుతోందని, తమ్ముణ్ణి పిలుద్దామని కూడా అంది. ఆయన చేతిలో కాఫీ అక్కడికక్కడే చల్లారిపోయింది.

ఆ తమ్ముడు ప్లంబర్. గోడకి చెవి ఆనించి లోపల ఏ పైపు ఏడుస్తోందో చెప్పేస్తాడని పేరు. రెండేళ్ల క్రితం చుట్టాలందరూ కూర్చున్నప్పుడు భూతద్దం గారు అతని విద్యను తీసిపారేశారు. నీరు పల్లమెరుగు, ఆ మాత్రం దానికి చెవులెందుకు అన్నారు. అందరూ నవ్వారు. ఆ బావమరిది మాత్రం నవ్వలేదు.

"బావగారూ, మీ ఇంట్లో పైపు కారిన రోజున మీరే నోరారా పిలవండి, వస్తాను. అక్క పిలిచినా రాను" అన్నాడు.

"ఆ రోజు రాదులే" అన్నారీయన, పదిమంది ఎదుట.

కాబట్టి ఇప్పుడు గోడ తడిస్తే తడిసింది, మాట మాత్రం తడవకూడదు. బావమరిదిని పిలవడం కంటే పడవ కొనుక్కోవడం మేలనుకున్నారు. లీకు తానే పడతానని భార్యకు చెప్పేశారు.

"పట్టండి. ఎవరొద్దన్నారు?" అంది ఆవిడ. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని అనుమానం రావలసింది. రాలేదు.

ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టించి, రెండు గంటలపాటు ఎవరూ చుక్క నీరు వాడకూడదని ఆజ్ఞ వేశారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కనుక ఆ ఎవరూ ఎవరో ఆవిడకు అర్థమైంది. అంట్లు అలాగే వదిలేసి పత్రిక పట్టుకు కూర్చుంది. ఆయన గేటు దగ్గర గొంతుక్కూర్చుని నీళ్ల మీటరును ప్రూఫు చూసినట్టు చూశారు. కుళాయిలన్నీ మూసినా అందులో చిన్న చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది. అంటే నీరు ఎక్కడికో పోతోంది. ఇంతవరకు పద్ధతి ప్రకారమే చేశారని ఒప్పుకోవాలి.

తర్వాత ఫ్లష్ ట్యాంకుమీద అనుమానం వచ్చింది. ప్రూఫులు దిద్దే ఎర్రసిరా సీసాడు అందులో ఒంపారు. కింద రంగు కనిపిస్తే ట్యాంకు కారుతున్నట్టే. గంటసేపు చూసినా రంగు దిగలేదు. ట్యాంకు నిర్దోషి అని తేలింది, కాని ఆ తర్వాత రెండు రోజులు ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా ఆవిడ గుండె ఝల్లుమంది.

మెయిన్ వాల్వు కూడా పరీక్షిద్దామని బలంగా తిప్పబోతే, తుప్పు పట్టిన పిడి ఊడి చేతికొచ్చింది. దాన్ని రుమాల్లో చుట్టి బీరువాలో పెట్టేశారు. ఆ సంగతి భార్యకు చెప్పవలసినంత పెద్దదిగా ఆయనకు తోచలేదు.

మరి హాలు గోడ సంగతేమిటని ఆవిడ అడిగింది. ఆయన జాలిగా నవ్వారు. చెమ్మ కనిపించినచోట లీకుండదని, నీరు గోడలో ఎక్కడో పుట్టి ఎక్కడో తేలుతుందని, తెలివితక్కువవాళ్లే తడి ఉన్నచోట తవ్వుతారని ఉపన్యాసం ఇచ్చారు.

"సరే. ఆ గోడ మాత్రం ముట్టుకోకండి. ముఖ్యంగా ఆ మేకు లాగకండి" అంది ఆవిడ. లోపలికి వెళ్లబోతూ, "వంటింటి గోడలోంచి ఏదో చప్పుడొస్తున్నట్టుందండీ" అని కూడా అంది.

ఆ వంటింటి టైల్స్ గురించి ఒక మాట చెప్పాలి. తుప్పురంగువి, అంచులు పగిలినవి. మార్చమని ఆవిడ ఆరేళ్లుగా అడుగుతోంది. నిక్షేపంలా ఉన్నవాటిని మార్చడమేమిటని ఆరేళ్లుగా ఆయన అంటున్నారు.

స్టీలు గ్లాసు గోడకి బోర్లించి చెవి ఆనించారు. నిజమే, లోపల గుడగుడమంటోంది. దొంగ దొరికాడని ఉలీ సుత్తీ తెచ్చి మొదటి వరస టైల్స్ పగలగొట్టారు. పైపు పొడిగా ఉంది. చప్పుడు కాస్త కిందికి జరిగిందని ఆవిడ అంటే రెండో వరస పగలగొట్టారు. తర్వాత ఎడమవైపు అంది. సాయంత్రానికి వంటింట్లో ఒక్క టైలూ మిగల్లేదు. లీకు దొరకలేదు. ఆవిడ మాత్రం విసుక్కోకుండా పెంకులన్నీ ఎత్తిపోసింది. ఇంత ఓర్పున్న భార్య దొరకడం తన అదృష్టమని ఆయన మనసారా అనుకున్నారు.

వారం గడిచేసరికి పళ్లెం కాస్తా చాపంత అయింది, ఫ్రేము అడుగున ప్రశంసాపత్రం ఉబ్బడం మొదలైంది. 'తప్పించుకోలేని' అన్నచోట బంగారు అక్షరాలు కరుగుతున్నాయి. అది చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఆదివారం రాగానే ఫ్రేము దింపేశారు. మేకు నల్లగా తుప్పు పట్టి ఉంది. ముట్టుకోవద్దని భార్య చెప్పింది కనుక ముట్టుకుని చూడాలనిపించింది. పటకారుతో ఒక్క లాగు లాగారు.

గోడ ఆయన ముఖంమీద ఉమ్మింది. కళ్లజోడు ఎగిరి ఎక్కడో పడింది. ఆయన గుడ్డిగా తడిమి ఆ కన్నానికి బొటనవేలు అడ్డంపెట్టారు. ధార ఆగింది, ఆయన కూడా అక్కడే ఆగిపోయారు.

ఆవిడ కంగారుపడకుండా వచ్చి నిలబడింది. అప్పుడు చూశారాయన. హాల్లో కుర్చీలు లేవు. తివాచీ చుట్టేసి ఉంది. తన కాళ్ల దగ్గర పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఉంది.

"ఈ తొట్టి ఎప్పుడు పెట్టావు?"

"పొద్దున్నే. లాగొద్దన్నాను కదా, ఇవాళో రేపో లాగుతారని తెలుసు."

మెయిన్ వాల్వు కట్టమన్నారు. పిడేదని అడిగింది. బీరువాలో ఉందని ఆయన గోడకేసి చూస్తూ చెప్పారు. అది మళ్లీ బిగించడం తనవల్ల కాదని, ఇక తమ్ముడే దిక్కని ఆవిడ తేల్చింది.

"అయితే పిలు."

"నేను పిలిస్తే రాడుగా. మీరే పిలవాలి." ఫోను కలిపి ఆయన చెవికి ఆనించింది.

బొటనవేలు తిమ్మిరెక్కింది. రెండేళ్ల పంతం, పదిమంది ఎదుట అన్నమాట, చొక్కా, పంచె అన్నీ ఒకేసారి తడిశాయి. "ఒరే అబ్బాయ్, నేను... మీ బావని. ఒకసారి రాగలవా?" అన్నారు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు వసారాలోంచి బావమరిది లోపలికి వచ్చాడు. చేతిలో సగం తాగిన కాఫీ ఉంది, భుజాన పనిముట్ల సంచీ ఉంది. వాల్వు కట్టి, గోడ తవ్వి, పైపు కోసి కొత్త ముక్క వేయడానికి అతనికి గంట కూడా పట్టలేదు. బావగార్ని ఒక్కమాట అనలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది. చివర్లో గోడమీద పెన్సిలుతో పైపు దారి పొడుగునా గీత గీసి, 'ఇక్కడ మేకులు కొట్టరాదు' అని రాశాడు. భూతద్దం గారు కళ్లజోడు వెతికి పెట్టుకుని ఆశగా చూశారు. అందులో ఒక్క తప్పు కూడా లేదు.

లీకు మేకు దగ్గరేనని వాడు పదిరోజుల క్రితం, ఆయనకు చెమ్మ చూపించకముందే, ఆయన ఆఫీసులో ఉండగా వచ్చి కనిపెట్టాడని, బాగుచేయడానికి మాత్రం ఆయన పిలుపు కోసమే ఆగాడని ఆవిడ నిదానంగా చెప్పింది.

"చిన్న అక్షరాల్లో తప్పు అందరూ పడతారు, శీర్షికలో తప్పే ఎవడికీ కనపడదు అని మీరే కదండీ ఆఫీసులో కొత్తవాళ్లకి చెప్తారు" అంది.

ఆయన తల తుడుచుకుంటూ, తనకు మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని బయటికి తీశారు.

"అదంతా సరే. వంటింటి గోడలో చప్పుడు మాత్రం నేను నిజంగా విన్నాను."

"విన్నారు. పక్కింటావిడ బట్టల మిషను ఆ గోడ అవతలే ఉంటుంది. ఆ పూటంతా ఆపకుండా తిప్పమని నేనే అడిగాను" అంది ఆవిడ. అని, తమ్ముడి సంచీలోంచి తెల్లటి టైలు ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూపించింది. "ఈ రంగు బాగుందా?"

భూతద్దం గారు కళ్లజోడు సర్దుకుని ఆ టైలును అటూ ఇటూ తిప్పి చూశారు. బాగుందన్నారు. ఆ తర్వాత తడిసిన ఫ్రేము తీసుకెళ్లి, బీరువాలో వాల్వు పిడి దాచినచోట పెట్టి తలుపు మూశారు.