రివాల్వర్ రద్దయితే సంతోషించిందెవరు?

"ఖతర్‌లో ముప్పై లక్షల మంది ఉన్నారు జహాంగీరూ. బుర్ర ఉన్నది నాకొక్కడికే," అని వేణుగోపాలరావు శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ ప్రకటించాడు.

ప్రకటించిన చోటు అల్ హిలాల్‌లోని అతని ఫ్లాటు. లుసైల్‌లో ఒక కంపెనీలో డ్రాయింగులకు నెంబర్లు వేసే ఉద్యోగం అతనిది. మిగతా సమయమంతా అపరాధ పరిశోధకుడు. ఇంతవరకు ఒక్క నేరస్థుణ్ణీ పట్టుకోలేదు గానీ, బిల్డింగులో తప్పిపోయిన పిల్లిని వెతకబోయి, ఎరగా తెచ్చిన రెండో పిల్లిని కూడా పోగొట్టిన అనుభవం ఉంది.

జహాంగీర్‌ది బోధన్. మెసైమీర్‌లో ఏసీలు బాగుచేసే షాపులో సూపర్‌వైజరు. ఎనిమిదేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే గదిలో అద్దెకున్నారు. అప్పటి నుంచి అతనికి జీతం లేని అసిస్టెంటు ఉద్యోగం కూడా తగులుకుంది.

రెండు నెలల క్రితం ఇటలీ తుపాకుల కంపెనీ ఒకటి పాతకాలపు ఆరు గుండ్ల రివాల్వర్‌ని అచ్చుగుద్దినట్టు మళ్ళీ తయారు చేస్తామంది. పేలదు, బల్ల మీద పెట్టుకోవడానికే. స్టెతస్కోపు లేని డాక్టర్ని ఎవడు నమ్ముతాడని రావు వెంటనే ఒకటి బుక్ చేశాడు. అడ్రసు జహాంగీర్ పోస్టు బాక్సుది ఇచ్చాడు. ఫోన్ నెంబరూ జహాంగీర్‌దే. ఆ సంగతి బుక్ చేశాక చెప్పాడు.

ఆనాటి నుంచి జహాంగీర్‌కి అన్నం సయించలేదు. తుపాకీ ఆకారంలో పార్సిల్ దిగితే కస్టమ్స్ వాళ్ళు పేలుతుందా లేదా అని ముందు అడుగుతారా? భార్య మెహర్ సుల్తానాను తెచ్చుకోవడానికి ఆరేళ్ళు తిరిగి, ఈ మధ్యే వీసాకి కాగితాలు పెట్టాడు. పోలీసు కేసంటూ ఒకటి పడితే ఆమె రావడం సంగతి అటుంచి, తనే తిరుగు విమానం ఎక్కాలి.

అందుకే నాలుగు రోజుల క్రితం ఆ రివాల్వర్ రద్దయిందని కంపెనీ ప్రకటించినప్పుడు, జహాంగీర్ ఆ ప్రకటన కింద ఎవరో రాసినట్టు ఒక మాట రాశాడు. ఆర్డర్ నెంబరు ఉన్నవాళ్ళే అక్కడ రాయగలరు. అందుకు కావలసిన ఓటీపీ వచ్చేది ఎలాగూ అతని ఫోన్‌కే. "చాలా మంచి పని చేశారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఇట్లు, సంతోషించిన కస్టమర్."

ఇప్పుడు ఆ కస్టమర్ కోసమే వేట.

"కుట్ర," అన్నాడు రావు, ఆ ప్రకటన కింద జనం రాసినవి ప్రింటు తీసిన కాగితాలు బల్ల మీద పరుస్తూ. "విను. టెక్సాస్ నుంచి ఒకాయన: 'రెండు నెలలు ఎదురుచూశాను. మా ఆవిడ కోసం కూడా ఇన్నాళ్ళు ఆగలేదు.' ఇంకొకాయన: 'సిలిండర్ తిరగకపోతే తిప్పించండి. మమ్మల్ని తిప్పించడమెందుకు?' ఇదిగో, ముగ్గురు రాశారు, సిలిండర్ బీటలిచ్చిందట. దీని వెనక గ్యాసువాళ్ళ హస్తం ఉంది."

"గ్యాసుది కాదు సాబ్. గుండ్లు పెట్టే చక్రం గది."

"అసిస్టెంట్లు తొందరపడకూడదు."

"ఆ గ్యాసు సిలిండర్ అయిపోయిందని మొన్నట్నుంచీ మొత్తుకుంటున్నాను," అంది వంటింట్లోంచి అనంతలక్ష్మి. "పరిశోధించి ఒకటి తెప్పించండి."

రావు భార్య మాట వినిపించుకోలేదు. గొప్పవాళ్ళు వినిపించుకోరని అతని నమ్మకం.

"నాలుగొందల పన్నెండు మంది తిట్టారు. ఒక్కడు దీవించాడు. ఆ ఒక్కడే నేరస్థుడు. ఈ ఇంగ్లీషు చూడు, ఒక్క తప్పు లేదు. యూనివర్సిటీలో చదివాడు. ఎడమచేతి వాటం. చలిదేశం వాడు. బహుశా స్వీడన్."

పదో తరగతితో ఆపేసిన జహాంగీర్ కుడిచేత్తో నుదురు తుడుచుకున్నాడు. ఇంగ్లీషు రాసింది ఫోను. అయినా మెచ్చుకుంటే బాగానే ఉంది.

"రద్దయింది గదా సాబ్. ఇడిసిపెట్టుండ్రి."

"ఎందుకు విడవాలి? నమూనాగా చేసినవి పది ఉన్నాయట. అడిగినవాళ్ళకి పంపుతారట. నేను అడిగేశాను, నా పేరు జాబితాలో ఉంది. ఆదివారం నీ బాక్సుకే పంపిస్తారు."

జహాంగీర్ కాఫీ చొక్కా మీద పోసుకున్నాడు. నాలుగు రోజులుగా తిన్న అన్నమంతా వృథా అనిపించింది.

"ఈలోగా వాడికి ఎర వేస్తాను," అని రావు ఆ దీవెన కిందే ఫోన్‌లో టైపు చేస్తూ పైకి చదివాడు. "'మిత్రమా, నాకు కూడా ఈ రివాల్వర్ వద్దు. రద్దు కావడం నాకూ పరమానందం. మనం ఒకటే. నీ పేరు చెప్పు.' ఎలా ఉంది?"

"మంచిగుంది," అని జహాంగీర్ తన ఫోన్‌కొచ్చిన ఓటీపీ చూపించాడు. అతను వినడం లేదు. ఆదివారానికి ఎన్ని గంటలుందో లెక్క పెట్టుకుంటున్నాడు.

పావుగంటలో జవాబొచ్చింది. రావు గొంతు సవరించుకుని చదివాడు.

"'అయ్యా, మీకు రివాల్వర్ వద్దన్నారు గనక నమూనాల జాబితా నుంచి మీ పేరు తీసేశాం. ఇక మీకు ఏదీ రాదు. మీ ఆర్డర్ నుంచి, మీ ఖతర్ ఫోన్ నుంచి వచ్చిన సంతోష సందేశాల్లో ఇది రెండోది. ఇంతమందిలో మమ్మల్ని తిట్టనిది మీ ఇంటివాళ్ళే. కృతజ్ఞతలు.'"

రావు ఫోన్ వంక చూసి, జహాంగీర్ వంక చూసి, లేచి నిలబడ్డాడు.

"కేసు తేలిపోయింది. మొదట్నుంచీ నిన్నే అనుమానించాను."

"స్వీడన్ అన్నరు గదా."

"అది వల. ఎందుకు చేశావు?"

"భయమయి చేసిన సాబ్. గది పోస్టుల దొరికితే నన్ను పంపిచ్చేస్తరు. మెహర్ వీసా పోతది. మీ కంపెనీ బాక్సుకు తెప్పిచ్చుకుంటే నాకీ బాధ లేకుండె."

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు రావు. "కంపెనీ బాక్సుకొస్తే మేనేజర్ తెరుస్తాడు. పోలీసులొస్తారు. నా ఉద్యోగం ఏం కావాలి?"

అన్నాక, తానేమన్నాడో తెలియడానికి ముప్పై లక్షల్లో ఒక్కటైన ఆ బుర్రకి కొంచెం సమయం పట్టింది. వంటింటి గుమ్మంలో అనంతలక్ష్మి గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

జహాంగీర్ కప్పు కింద పెట్టాడు. రెండు నెలలుగా ఇతన్ని తెలివితక్కువవాడనుకుని మనసులోనే క్షమిస్తూ వచ్చాడు. అలా క్షమించడానికి ఇప్పుడు ఆధారం లేకుండా పోయింది. కోపం కన్నా ముందు సిగ్గేసింది.

"మీకు తెల్వక ఇచ్చిన్రనుకున్న సాబ్," అన్నాడు. "పాపం తెల్వనోడు గదా అనే ఎనిమిదేండ్లు ఎంబడి తిరిగిన."

జహాంగీర్ వెళ్ళడానికి లేచాడు. రావు నోరు తెరిచాడు.

"మీరు మాట్లాడకండి," అని అనంతలక్ష్మి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. "అన్నయ్యగారూ, మెహర్ వచ్చాక ఇద్దరూ భోజనానికి రావాలి. ఈయన లేనప్పుడు రండి."