సరస్సులో రెట్ట వేయరాదు

ఒక పెద్ద అడవిలో, మబ్బులు కొండెక్కి కాస్త ఆగి ఊపిరి పీల్చుకునేంత ఎత్తున, ఒక మంచినీటి సరస్సు ఉండేది. పొద్దున్నే దాని మీద మంచు పరుచుకుంటే, కొత్త పెళ్ళికూతురు దుప్పటి తీయకుండా బద్ధకిస్తున్నట్టుండేది. అంత అందమైన సరస్సులో రోజూ సాయంత్రం నీటికాకులు రెట్ట వేసేవి.

ఆ నల్లటి పక్షులు పగలంతా కింద మైదానంలోని చెరువుల్లో చేపలు తిని, పడుకోడానికి పైకొచ్చి, సరస్సు మీదికి వంగిన చెట్లెక్కేవి. ఆ తర్వాత కిందికి ఏం పడేదో చెప్పక్కర్లేదు.

నీటికుక్క గౌరమ్మకి ఇది బొత్తిగా నచ్చలేదు. కూనలకి ఈత నేర్పుతుంటే నెత్తిన పడుతోందని సరస్సు సంఘంలో మొరపెట్టుకుంది. సంఘం అధ్యక్షుడు కొంగ విమలానందం. ఒంటికాలి మీద నిలబడి నీళ్ళలో తన నీడ చూసుకోవడమే ఆయన ముఖ్యమైన పని. నీళ్ళు పచ్చగా ఉండి తన తెలుపు సరిగ్గా కనబడ్డం లేదని ఆయనకెప్పట్నుంచో బెంగ.

వెంటనే తీర్మానమైపోయింది. నీటికాకులు సరస్సులో రెట్ట వేయరాదు. అసలు ఆ చెట్ల మీదే ఉండరాదు.

“మరి కొంగలో?” అనడిగాడు తాబేలు చలమయ్య.

“మాది తెల్లగా ఉంటుంది కదండీ,” అన్నాడు విమలానందం.

“వాళ్ళదీ తెల్లగానే ఉంటుంది.”

“రంగు కాదు చలమయ్యా, ఎవరిదన్నది చూడాలి.”

సభంతా చప్పట్లు కొట్టింది. నీటికాకుల పెద్ద పేరు సన్నాసి. అతను తనవాళ్ళని తీసుకుని కొండ దిగిపోయాడు.

కొన్నాళ్ళకి సరస్సు అద్దమైపోయింది. మబ్బులు అందులో మొహాలు చూసుకుని సిగ్గుపడేవి. విమలానందం తన నీడతో పూర్తిగా ప్రేమలో పడ్డాడు.

నాచు పోయింది. నాచు తినే పురుగులు పోయాయి. పురుగుల్ని తినే చేపలూ పోయాయి. గౌరమ్మ ఎంత లోతుకి మునిగినా గులకరాళ్ళే. కూనలు ఈత మానేసి ఒడ్డున ముడుచుకు పడుకున్నాయి. చిన్నది కళ్ళు కూడా తెరవడం లేదు.

అప్పుడు చలమయ్య మెల్లగా చెప్పాడు, కొండమీది చల్లనీళ్ళకి సొంత బలం లేదనీ, కింది చెరువుల బలాన్ని నీటికాకులే కడుపులో పెట్టుకుని మోసుకొచ్చేవనీ. ఆ ముక్క ముందే ఏడవలేదేమని గౌరమ్మ నిలదీసింది.

“అజెండాలో లేదమ్మా,” అన్నాడు చలమయ్య.

గౌరమ్మ కొండ దిగి వెళ్ళి సన్నాసి కాళ్ళు పట్టుకుంది. పిల్లలు పస్తులుంటే పంతమేటని అతను తనవాళ్ళందర్నీ వెంటేసుకుని పైకొచ్చాడు.

విమలానందం ఊరుకుంటాడా? వాళ్ళంతట వాళ్ళు వేస్తే సంఘం తప్పు చేసినట్టు, సంఘం వేయిస్తే పథకం అన్నాడు. ప్రారంభోత్సవం పెట్టించాడు. కొమ్మకి పూలు చుట్టారు. సన్నాసి మెడలో దండ వేశారు. కప్పలు బ్యాండు వాయించాయి. అడవి అడవంతా తలెత్తి, గుడ్లప్పగించి, సన్నాసి తోక కిందకే చూస్తోంది.

ఏమీ రాలేదు.

ప్రసంగాలయ్యాయి. బ్యాండు మళ్ళీ మోగింది. సన్నాసి మొహం నలుపులోంచి ఎరుపుకి తిరిగింది. పక్క కొమ్మల మీద వాళ్ళ కుర్రాళ్ళూ సిగ్గుతో బిగుసుకుపోయారు.

“ఏటి బాబూ, ఇంతమంది సూత్తుంటే ఎలాగొత్తాది?” అన్నాడు సన్నాసి.

ఇది చరిత్రలో నిలిచే ఘట్టమనీ, కళ్ళారా చూడకపోతే ఎలాగనీ విమలానందం మళ్ళీ మైకందుకున్నాడు.

గౌరమ్మ చిన్న కూనని నోట కరుచుకుని వేదికెక్కింది. అధ్యక్షుణ్ణి భుజంతో పక్కకి తోసి, కూనని కింద పెట్టింది.

“అందరూ అటు తిరగండి. ఇంకొక్క మాటన్నవాణ్ణి కరుస్తాను.”

అధ్యక్షుడు, కార్యవర్గం, కప్పల బ్యాండు, అందరూ హుందాగా సరస్సుకి వీపు తిప్పారు. మొదట ఒక్క చినుకు. తర్వాత వానే.

ఒళ్ళంతా తేలికపడ్డ సన్నాసి కొమ్మ మీంచి కిందికి దిగి, గొంతులో దాచుకొచ్చిన చేపని కక్కి చిన్నదాని ముందు పడేశాడు. అది వాసన పట్టి ఒక కన్ను తెరిచింది.

ఇంకా అటువైపే తిరిగి ఉన్న విమలానందం ఈ విజయం తనదేనని ప్రసంగం మొదలెట్టాడు. ఎవరూ ఆపలేదు.

కనుక నాయకులు మనకి వీపు చూపించారని నొచ్చుకోకండి, ఊరికి మేలు జరిగేది సరిగ్గా అప్పుడే.