రాని కోతికి నా కృతజ్ఞతలు

సోషల్ మీడియాలో విదేశీ జంతువులు అమ్ముతామని చెప్పి మనకి కుచ్చుటోపీ పెట్టేవాళ్లున్నారే, వాళ్లని జైల్లో పెట్టకూడదు. పిలిచి సన్మానం చెయ్యాలి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. దస్తావేజులు రాసే మనిషిని. ఇరవై ఏళ్లుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగదిలో కూచుని ఇళ్ల అమ్మకాలూ, వీలునామాలూ, దత్తత పత్రాలూ రాస్తున్నాను. చదవకుండా సంతకం పెట్టబోయేవాళ్లకి రోజూ చీవాట్లు పెడతాను. అలాంటి నాకే టోపీ పెట్టారంటే వాళ్ల ప్రతిభ ఏపాటిదో మీరే ఆలోచించండి.

మా చిన్నది ఫోన్‌లో ఓ కోతిపిల్లని చూసింది. బొటనవేలంత ఉంది, ఎవరిదో చూపుడువేలు పట్టుకుని వేలాడుతోంది. "నాన్నా, నాకది కావాలి" అని రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూట దాన్ని అమ్మే పేజీ వెతుకుతూ నేను మానేశాను.

దొరికిన పేజీలో అమ్మకం అన్న మాటే లేదు. "అమ్మబడదు, దత్తత ఇవ్వబడును" అని రాశాడు మహానుభావుడు. ఒక్క అక్షరదోషం లేదు. దత్తతలో వత్తు సరిగ్గా రెండో అక్షరానికే పెట్టాడు! మా గుమాస్తా పదేళ్లుగా "దతత్త" అని రాస్తున్నాడు. వత్తు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు మోసం చేస్తాడని ఎవరైనా అనుకుంటారా? నేను అనుకోలేదు.

దత్తత ఫీజు కట్టాను. తర్వాత టీకా అన్నాడు, పాస్‌పోర్టు అన్నాడు, విమానంలో ఏసీ పెట్టె అన్నాడు. ఆఖరికి సదరు కోతి ఎయిర్‌పోర్టులో దిగులుగా కూచుంది, కౌన్సెలింగ్ చేయించాలి అన్నాడు. అదీ కట్టాను. దిగులుపడ్డ ప్రాణిని అలా వదిలేస్తామా? మర్నాటికి ఆ పేజీ లేదు, నంబరు లేదు, కోతి సరేసరి.

"ఊరందరి కాగితాలూ చదువుతారు మీరు" అంది మా ఆవిడ. అంతే చాలింది.

కానీ చల్లబడి ఆలోచిస్తే అర్థమైంది, రాని కోతిని మించిన పెంపుడు జంతువు లేదు. కర్టెన్లు చింపదు. కంచంలో చెయ్యి పెట్టదు. "నేను కుక్కలకే చూస్తానండీ" అని పశువుల డాక్టరు మన మొహం మీద తలుపెయ్యడు. మా వీధి టైలరు మాట్లాడే చిలక్కి డబ్బు కట్టాడు. అది రాలేదు. ఆ ఇంట్లో ఇప్పటికే ఐదుగురు ఒకేసారి మాట్లాడతారు, ఆరో గొంతు తప్పింది. మా పళ్ల డాక్టరు కొండచిలువకి కట్టాడు. అదీ రాలేదు, పేషెంట్లు బతికిపోయారు.

కాబట్టి పాఠకులారా, ఇలాంటి దాతల్ని ఇబ్బంది పెట్టకండి. జంతువుని వీడియో కాల్‌లో చూపించమంటే పాపం మొహమాటపడతారు. "మీ ఇంటికొచ్చి చూస్తాం" అంటే వాళ్లకి కొత్తగా ఒక ఇల్లు వెతుక్కునే పని పడుతుంది. అదే ఫోటో ఇంకో పది పేజీల్లో ఉందా? ఒక్క కోతి పదిచోట్ల ఉండగలగడం దాని సమర్థత. లైసెన్సు అడగడం మరీ మోటు. డబ్బు పంపేముందు ఒక్కరోజు ఆగి ఎవరినైనా అడుగుదామన్న దుర్బుద్ధి అసలే వద్దు.

నన్ను చూసి వారం రోజులు నవ్వినవాడు మా బావమరిది. స్పేర్‌పార్టుల షాపు వాడిది, ఏది అసలో ఏది నకిలీయో పట్టేస్తానని గర్వం. "నీకు వెతకడం చేతకాదు బావా. నిజాయితీగా అమ్మేవాళ్లూ ఉంటారు" అన్నాడు. అన్నట్టే మేనకోడలి పుట్టినరోజుకి బూట్ల అట్టపెట్టెలో కోతిపిల్లని పట్టుకొచ్చాడు. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది.

చిన్నది గంతులేసింది. కోతిపిల్ల మాత్రం పెట్టెలో పరిచిన టవల్‌ని కాళ్లతో చేతులతో కరుచుకుని వదల్లేదు. పాలు పడితే తాగలేదు. వేలిస్తే పట్టుకోలేదు. టవల్ కొంచెం లాగితే సన్నగా అరిచింది.

"ఇంకా మనకి అలవాటు పడలేదులే. రేపెవరైనా అడిగితే చూపించడానికి ఓ దత్తత పత్రం రాసిపెట్టు బావా" అన్నాడు.

అది నా వృత్తి కదా, కాగితం తీశాను. దత్తత పత్రంలో కన్నతల్లి సమ్మతి రాయాలి. అది లేకుండా ఇన్నేళ్లలో నేనొక్క పత్రం రాయలేదు. "దీని తల్లి ఏదిరా?" అని అడిగాను. వాడు నవ్వేసి, అమ్మినవాడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

అవతలి మనిషి చాలా మర్యాదస్తుడు. ఏదీ దాచలేదు. "తల్లి లేదండీ. అది బతికుండగా పిల్లని వదలదు కదా. కొట్టి పడేస్తేనే పిల్ల చేతికొచ్చేది" అన్నాడు.

బావమరిది గబగబా ఫోన్ కట్టేశాడు. చిన్నది అప్పటికే వినేసింది. "నాకోసం వాళ్లమ్మని చంపేశారా నాన్నా?" అని అడిగింది.

దత్తత పత్రం రాయలేదు, అదే కాగితం మీద ఫిర్యాదు రాశాను. అమ్మినవారు అన్నచోట ఆ మర్యాదస్తుడి నంబరు, కొన్నవారు అన్నచోట మా పేర్లు. బావమరిది సంతకం పెట్టేముందు మొదటిసారి పూర్తిగా చదివాడు. కోతిపిల్లని జంతుసంరక్షణ కేంద్రంలో అప్పగించాం. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు.

నాకు టోపీ పెట్టినవాడు కొత్త పేరుతో మళ్లీ పేజీ తెరిచాడట. దత్తత అని ఈసారీ తప్పులేకుండా రాశాడట. ఇంత చెప్పాక కూడా కోతి కావాల్సిందే అనేవాళ్లు మీలో ఉంటే, దయచేసి వాడి దగ్గరే డబ్బు కట్టండి. వాడు పంపడు. ఎక్కడో ఒక తల్లి చంకలో పిల్ల చంకలోనే ఉంటుంది.