మేక లేని సినిమా

శుక్రవారం పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు పెట్టడం, అత్తగారిని ఉదయం ఆటకు తీసుకెళ్లడం, మధ్యాహ్నం సమీక్ష రాయడం, సాయంత్రం పత్రికాఫీసులో ఇచ్చేసి రావడం. ఇన్నేళ్లుగా ఈ పథకం ఎప్పుడూ బెడిసికొట్టలేదు కాబట్టి ఆరోజు కూడా అతను ఈల వేసుకుంటూ గడ్డం గీసుకున్నాడు.

మిగతా రోజుల్లో అతను నీటి సరఫరా కార్యాలయంలో మీటర్ల అంకెలు సరిచూసే గుమాస్తా. అక్కడ అతను ఉన్నాడో లేడో పక్క కుర్చీవాడికి కూడా పట్టదు. శనివారం పత్రికలో మాత్రం 'అల్లుడి టికెట్టు' అనే శీర్షిక కింద అతను సినిమా గురించి రాస్తే ఊరంతా చదువుకుని నవ్వుకునేది. పేరుకు సినిమా సమీక్షే గానీ అందులో సినిమా పావు వంతు, అత్తగారు ముప్పావు వంతు. ఆవిడ హాల్లో కూర్చుని స్వెట్టరు అల్లుతారు. సినిమా బాగుంటే సూదులు ఆగిపోతాయి, బాగోకపోతే అల్లిక చకచకా సాగిపోతుంది. మిగతా పత్రికలు సినిమాకు ఇన్నని చుక్కలు వేసుకుంటుంటే ఇతను "ఈ సినిమాకు ఒక చెయ్యి పూర్తయింది" అనీ, "రెండు చేతులూ అయిపోయి మెడ దాకా వచ్చింది" అనీ రాసేవాడు. జనం అది చూసుకునే టికెట్టు కొనుక్కునేవారు.

ఆ వారం సినిమా పేరు 'తాళంచెవుల మనిషి'. కొత్త దర్శకురాలు ఒకామె తన దగ్గరున్నదంతా ఊడ్చిపెట్టి తీసిన మొదటి సినిమా.

"ఊలు ఉండ కనబడటం లేదు బాబూ" అన్నారు అత్తగారు, తీరా చెప్పులు వేసుకున్నాక. అది సోఫా కింద దొరికేసరికి ఆలస్యమైంది. వాళ్లు హాలు చేరుకునేసరికే పేర్లు పడిపోయాయి. "మూడో నంబరు హాలు అత్తయ్యా. మీరు వెళ్లి కూర్చోండి, నేను కాఫీ పట్టుకొస్తాను" అని ఆవిడ చేతిలో టికెట్టు పెట్టి అల్లుడు కాఫీ వరుసలో నిలబడ్డాడు.

అత్తగారికి ఒక అలవాటుంది. బయటికి వెళ్లే తలుపు పక్కనే కూర్చుంటారు. ఆ తలుపు మీదుండే పచ్చదీపం వెలుగులో కుట్లు లెక్కపెట్టుకోవచ్చని. మూడో హాల్లో ఆ దీపం కాస్తా కాలిపోయి ఉంది. చీకట్లో అల్లితే కుట్లు జారిపోతాయి కదా, అందుకని ఆవిడ ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పక్క హాల్లోకి వెళ్లారు. అక్కడ దీపం భేషుగ్గా వెలుగుతుండటంతో హాయిగా కూర్చుండిపోయారు. తెర మీద ఏ సినిమా ఆడుతోందన్నది ఆవిడకు పెద్ద సమస్యగా తోచలేదు.

అల్లుడు రెండు కాఫీలతో మూడో హాల్లోకి తొంగిచూశాడు. సూదుల మెరుపు కనబడలేదు. పక్క తలుపు తోసి చూస్తే కనబడింది. నంబరు తనే తప్పు చదివానని సరిపెట్టుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. అతని లెక్కలో సూదులు ఎక్కడుంటే సినిమా అక్కడే.

తెర మీద ఒక ముసలాయన మేకను వెంటబెట్టుకుని కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. తాళాలు ఎప్పుడొస్తాయా అని అల్లుడు ఎదురుచూశాడు. ఎంతకీ రాలేదు. మేక బోనెక్కి వకీలు చేతిలోని కాగితాలు నమిలేసే ఘట్టంలో అత్తగారు పడీపడీ నవ్వి సూదులు కింద పడేసుకున్నారు, ఆ తర్వాత వాటిని వెతకను కూడా లేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఇలా జరగలేదు. జనమంతా ఒక్కసారి బయటపడితే బండి తీయడం కష్టమని, ఎప్పటిలాగే చివరి పేర్లు పడకముందే ఇద్దరూ వచ్చేశారు.

ఇంటికొచ్చాక అల్లుడి కలం పరుగులు తీసింది. "పేరులో తాళంచెవులున్నాయి, సినిమాలో ఒక్కటీ లేదు. మనసుకు వేసుకున్న తాళాల గురించి కాబోలు, నాకు అంత చదువు లేదు. కానీ కోర్టులో మేక నమలడం మొదలుపెట్టగానే మా అత్తగారి సూదులు నేలపాలయ్యాయి. స్వెట్టరు ఒక్క వరుస కూడా పెరగలేదు. ఈ చలికాలం నేను వణికినా ఫరవాలేదు, మీరు మాత్రం ఆ మేకను చూసి రండి." సంపాదకుడు అది చదివి కళ్లు తుడుచుకునేంతగా నవ్వి అచ్చుకు పంపాడు. జనం రాని మేక సినిమాను ఆ సాయంత్రమే హాల్లోంచి ఎత్తేశారు. అది వచ్చిందనే ఎవరికీ తెలియదు కనుక, పోయిందనీ ఎవరికీ తెలియలేదు.

శనివారం అల్లుడి భార్య ఆఫీసు స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్లో ఫోను చేసింది.

"ఏమండీ, మేక ఇంటర్వెల్ తర్వాతొస్తుందా?"

"ముందే వస్తుందే. కోర్టులో."

"కోర్టూ లేదు, ఏమీ లేదు. ఒకాయన కూర్చుని తాళాలు బాగుచేస్తున్నాడు. తెర నిండా తాళాలే. ఇక్కడ జనమంతా మేకేదీ, మేకేదీ అని ఒకటే గోల."

అల్లుడు ఫోను పెట్టేశాడు. తర్వాత వంటింటి గుమ్మం దాకా వెళ్లి మెల్లిగా అడిగాడు.

"అత్తయ్యా, నిన్న మనం ఏ హాల్లో కూర్చున్నాం?"

"దీపం ఉన్న హాల్లో" అన్నారు ఆవిడ.

అతను ఇంకా తేరుకోకముందే, ఆట వదిలే వేళకు సంపాదకుడి ఫోను. "ఏమయ్యా అల్లుడూ, మేకేదయ్యా? సినిమా అయిపోయినా జనం లేవటం లేదట. మేకను చూపిస్తే గానీ కదలమని కూర్చున్నారట. నీ శీర్షిక తీసేసి మనమూ చుక్కలు వేద్దామని యాజమాన్యం ఎప్పట్నుంచో కాచుకునుంది. చూడకుండా రాశావని తేలిందా, నేను కూడా నిన్ను కాపాడలేను."

శీర్షిక పోతే తనకు మిగిలేది మీటర్లే. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాడు.

"మొదటి ఆటకి ఉందండీ. తర్వాత కత్తిరించేశారేమో."

ఆదివారం పత్రిక మొదటి పేజీలో 'మేకను తీసేసిందెవరు?' అని పెద్ద అక్షరాలతో వచ్చింది. దాంతో రాని వాళ్లు కూడా వచ్చారు. 'మా మేక మాకు కావాలి' అని అట్టలు పట్టుకుని హాలు ముందు నిలబడ్డారు. తాము మొదటి ఆటకే వెళ్లామనీ, మేకను కళ్లారా చూశామనీ, మనుషులకన్నా అదే బాగా నటించిందనీ కొందరు ఒట్టేసి మరీ చెప్పారు.

ఆ మధ్యాహ్నం దర్శకురాలు అల్లుడి ఇంటికొచ్చింది. నిద్రలేక ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నా సినిమాలో మేక లేదండీ. ఉంటే నాకు తెలిసేది."

"ఒక్కోసారి ఎడిటింగులో..." అంటూ అల్లుడు కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు.

"ఎడిటింగు కూడా నేనే చేశాను."

మంచినీళ్ల గ్లాసుతో వచ్చిన అత్తగారి మొహం వెలిగిపోయింది. "మేక సినిమానా అమ్మా? ఎంత బాగుందో. అది పక్క హాల్లోది. మీ హాల్లో దీపం కాలిపోయింది, ఎవరూ చూసుకోరా?"

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. దర్శకురాలు గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"అంటే నా సినిమా మీరు చూడనేలేదు."

"లేదండీ" అన్నాడు అల్లుడు.

ఆమె అరుస్తుందేమోనని చూశాడు. ఆమె అరవలేదు, అందుకు అతనికి ఇంకా సిగ్గేసింది. "రేపు వచ్చి చూడండి. ఒక్కరే రండి. చూసింది చూసినట్టు రాయండి, బాగోలేదని రాసినా సరే" అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

సోమవారం అల్లుడు కాఫీ లేకుండా, అత్తగారు లేకుండా మూడో హాల్లో కూర్చుని, పేర్లు మొదలైన దగ్గర్నుంచి చివరి పేరు దాకా చూశాడు. సినిమా నిజంగానే బాగుంది. ఊరందరి తలుపులూ తెరిచిపెట్టే మనిషి తన ఇంటి గుమ్మం ముందు నిలబడి జేబులు తడుముకుంటుంటే అల్లుడికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ రాత్రే వెలుగునీడల గురించి, సంగీతం గురించి, నటన గురించి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడు. చివరి పేరాలో తన తప్పు ఒప్పుకున్నాడు. సంపాదకుడు ఆ పేరా కొట్టేశాడు. "నిన్ననే కదయ్యా మొదటి పేజీలో మేక ఏదని నిలదీశాం. ఇవాళ అసలు మేకే లేదంటే మన మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అని మిగతాది మంగళవారం వేశాడు.

పొద్దున్నే దర్శకురాలు ఫోను చేసింది. "నేను అనుకున్నదంతా మీకు అందిందండీ" అని రెండుసార్లు చెప్పింది. సాయంత్రానికి హాలు ఖాళీ అయిపోయింది.

మర్నాడు సంపాదకుడు పిలిపించి, ఒక ఉత్తరం తీసి పైకి చదివాడు. "'అల్లుడుగారి రాతలు మొదట్నుంచీ చదువుతున్నాను. ఆయన పక్కన నేనూ కూర్చుని, వాళ్లత్తగారి ఊలు ఉండ పట్టుకున్నట్టుండేది. ఈసారి కాంతి, లయ, గాఢత అంటూ ఏవేవో రాశారు. చూడబోతే ఆయన సినిమాకి వెళ్లకుండానే రాసినట్టుంది.' అన్నీ ఇలాంటివేనయ్యా."

"వెళ్లి శ్రద్ధగా చూసింది ఇదొక్కటేనండీ" అన్నాడు అల్లుడు నీరసంగా.

"నువ్వు చూస్తే ఎంత, చూడకపోతే ఎంత. శీర్షిక ఉండాలంటే మీ అత్తగారు చూడాలి."

ఆ మాట అల్లుడు చెప్పగానే దర్శకురాలు హాలు మేనేజరును బతిమాలుకుని సినిమాను ఇంకొన్నాళ్లు నిలబెట్టుకుంది. శుక్రవారం అత్తగారు మూడో హాల్లో అడుగుపెట్టేసరికి తలుపు మీద కొత్త దీపం వెలుగుతోంది. ఆవిడ దాన్ని పరీక్షగా చూసి, తృప్తిపడి, సూదులు తీశారు. వెనక వరుసలో దర్శకురాలు కూర్చుంది. తను తీసిన సినిమా వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు, సూదుల వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటర్వెల్ దాకా సూదులు ఆడుతూనే ఉన్నాయి. ఇంటర్వెల్ తర్వాత కూడా ఆడాయి. స్వెట్టరు ఎడమ చెయ్యి మోచేతి దాకా వచ్చేసింది. అల్లుడికి చెమటలు పట్టాయి. తెర మీద తాళంచెవుల మనిషి తన గుమ్మం ముందుకొచ్చి ఒక జేబు తడుముకున్నాడు, ఇంకో జేబు తడుముకున్నాడు. సూదులు నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. అత్తగారు అల్లికను ఒళ్లో వదిలేసి, చేతిసంచిలోకి చెయ్యి పెట్టి గబగబా వెతుక్కున్నారు.

"బాబూ" అన్నారు గుసగుసగా, "ఇంటి తాళంచెవి మీ దగ్గరుందా?"

వెనక వరుసలో దర్శకురాలు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

శనివారం శీర్షికకు అల్లుడు రాసింది ఆ ఒక్క సంగతే. కింద, తాను వేరే హాల్లో కూర్చున్న వైనం కూడా పూసగుచ్చినట్టు రాశాడు. సంపాదకుడు నవ్వాపుకోలేక దాన్ని కూడా వేసేశాడు, పాఠకులు అది అల్లుడి చమత్కారమనుకుని మెచ్చుకున్నారు. హాలు మళ్లీ నిండింది. ఆ ఘట్టం రాగానే హాలంతా తాళంచెవుల గలగల వినబడేదట.

పాపం, మేక సినిమాకు వచ్చిన ఒకే ఒక్క సమీక్ష ఇప్పటికీ వేరే సినిమా ఖాతాలోనే ఉంది.