తప్పులు మాత్రం ఆవిడవి

ఆడవాళ్లకి పేరెందుకు అని నేనడుగుతాను. కోపం తెచ్చుకోకండి, పూర్తిగా వినండి.

పేరున్నవాడికే కదా బాధలన్నీ! కరెంటు బిల్లు పేరున్నవాడికే వస్తుంది. కోర్టు నోటీసూ పేరున్నవాడికే వస్తుంది. పేరు లేని మనిషిని ఎవరూ నిలదీయరు, ఎవరూ పట్టుకెళ్లరు. ఇంతకన్నా సుఖం ఇంకేం కావాలి?

మన పెద్దలకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. చరిత్ర తిరగేయండి. ఫలానా రాజు కోట కట్టించాడని రాతి మీద ఉంటుంది. ఆ రాజు ఎనిమిదేళ్లు పొలిమేర అవతల యుద్ధంలో ఉంటే గోడలు ఎవరు లేపించారు? రాణి. రాతి మీద ఆవిడ 'యువరాజుగారి తల్లి', అంతే. తర్వాత కోట కూలింది. జనం ఎవరిని తిట్టారు? రాజునే! రాణిగారి మీద ఈగ వాలలేదు.

కావ్యాలు తీయండి. నాయిక నడుము ఎంత సన్నమో పద్యానికో కొలత దొరుకుతుంది. ఆవిడ అభిప్రాయం ఏమిటో నాలుగు వందల పద్యాలు గాలించినా దొరకదు. అభిప్రాయం ఉంటే కదా చిక్కులు! కవిగారు ఆవిడని అలా కాపాడుకొచ్చారు.

ఇక లాలిపాటలు. సంకలనాల్లో ప్రతి పాట కిందా 'అజ్ఞాత కవి' అని ఉంటుంది. పాపం ఆ కవిగారు! ఎంతమంది పిల్లల్ని ఒళ్లో వేసుకున్నారో, ఎన్ని పక్కబట్టలు మార్చారో! మగవాడు ఇంత చాకిరీ చేసిన దాఖలా చరిత్రలో ఇంకెక్కడా లేదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అంటారా? సరే, ఈ కాలానికే వద్దాం. ఈ కాలం ఆడవాళ్లకి ఒక కొత్త సౌకర్యం కల్పించింది. అదే ముందుమాటలో చివరి వాక్యం. వైస్ ఛాన్సలర్‌గారికి కృతజ్ఞతలు, లైబ్రేరియన్‌కి కృతజ్ఞతలు, జిరాక్స్ తీసిపెట్టిన మిత్రుడికి కృతజ్ఞతలు. ఆ తర్వాత పేజీలో జాగా మిగిలితే 'నా అర్ధాంగికి'.

ఆ వాక్యం ఎంత వరమో నాకు ఈ మధ్యే ఒక పుస్తకం వల్ల తెలిసొచ్చింది.

పుస్తకం పేరు 'సాహిత్యంలో స్త్రీ: మౌనం నుంచి మాట దాకా'. ఎనిమిది వందల పన్నెండు పేజీలు. రాసింది కాలేజీలో సాహిత్యం చెప్పి రిటైరైన మాస్టారు. అట్ట మీద ఆయన పేరు, వెనకట్ట మీద ఆయన ఫొటో. ఏడో అధ్యాయం 'పేరు దక్కని స్త్రీలు'. దానికే తొంభై నాలుగు పేజీలు కేటాయించారు.

మాస్టారి భార్య రికార్డు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసింది. పాత ఉత్తరాలు, దస్తావేజులు చదివి నకలు రాయడం ఆవిడ ఉద్యోగం. ఈ పుస్తకం కోసం ఆవిడ పదకొండేళ్లు కార్డులు రాసింది. కార్డుకి ఒక ఉత్తరం, ఒక తేదీ, దొరికిన చోటు. ఇరవై ఆరు చెప్పుల డబ్బాలు నిండాయి. ఆ డబ్బాలకి దారిస్తూ మాస్టారి బట్టల బీరువా వరండాలోకి వెళ్లింది. ఇరవై అధ్యాయాల్లో ఏడు అధ్యాయాలు ఆవిడే రాసింది. ప్రూఫులు ఆవిడే దిద్దింది.

ముందుమాటలో చివరి వాక్యం: 'వేళకు టీ అందించి ఓపికతో సహకరించిన నా అర్ధాంగికి.'

ప్రెస్‌లో ముఖపత్రం ప్రూఫు బల్ల మీదికి వచ్చిన రోజున ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఏమండీ, మీ పేరు కింద నా పేరు కూడా వేయించండి."

"మన మధ్య నీదీ నాదీ ఏమిటే? నా పేరంటే నీ పేరు కాదూ?" అన్నారు మాస్టారు.

"అలాగైతే నా పేరే వేయించండి. అదీ మీదే కదా."

మాస్టారు నవ్వారు. ప్రెస్ ఫోర్‌మన్ కూడా నవ్వాడు. ముఖపత్రం ఉన్నది ఉన్నట్టు అచ్చయింది. చూశారా, మాస్టారు భార్యని ఎంత పెద్ద ఆపద నుంచి తప్పించారో!

ఆపద ఆవిష్కరణ సభలో వచ్చింది. నేను పత్రికకి రాయడానికి వెళ్లాను కాబట్టి చూసిందే చెబుతున్నాను. వేదిక మీద ఐదు కుర్చీలు, ఐదుగురు మగవాళ్లు. స్త్రీ మౌనం గురించి ఒకరి తర్వాత ఒకరు రెండు గంటల పది నిమిషాలు మాట్లాడారు. మాస్టారి భార్య రెండో వరసలో మాస్టారి సంచీ, గొడుగు, కళ్లజోడు డబ్బా పట్టుకుని కూర్చుంది.

చివర్లో ఎర్రపెన్సిల్ తాతయ్య లేచాడు. ఈయన ఏ పుస్తకమైనా ఎర్రపెన్సిల్ పట్టుకునే చదువుతాడు. చదివాక ఊరుకోడు.

"మాస్టారూ, రెండు వందల తొమ్మిదో పేజీలో ఒక కోడలు చచ్చిపోయింది. రెండు వందల పద్నాలుగో పేజీలో, పదకొండేళ్ల తర్వాత, అదే కోడలు అత్తగారికి ఉత్తరం రాసింది. ఎక్కడి నుంచి రాసిందంటారు?"

హాలు గొల్లుమంది. మాస్టారు మైకు దగ్గరికి జరిగారు.

"ఆ భాగం మా ఆవిడ చూసుకుంది. ఆ తప్పు ఆవిడదే."

"మరి ఎనభై ఎనిమిది?"

"అదీ ఆవిడదే."

తాతయ్య ఏడు పేజీలు చదివాడు. ఏడుసార్లూ మాస్టారు ఒకే జవాబిచ్చారు. తడుముకోలేదు. భార్య పని ఇంత ఉదారంగా ఒప్పుకున్న భర్తని నేనింతవరకూ చూడలేదు!

రెండో వరసలో ఆవిడ గొడుగు కింద పెట్టింది. సంచీలోంచి పెన్ను తీసి ఆహ్వానపత్రిక వెనక ఏదో రాసుకుంది. లేచి నిలబడింది.

"ఏమండీ, రెండు వందల పద్నాలుగు నాదేనా?"

"నీదే."

"ఐదు వందల పదిహేడు?"

"చెప్పాను కదే, అదీ నీదే. కూర్చో."

"కూర్చుంటాను. ఇంతమంది ముందు చెప్పారు కదా, రాసుకుంటున్నాను."

తర్వాత నేను ప్రెస్‌కి వెళ్లి పాత ప్రూఫులు చూశాను. కార్డుల్లో తేదీలు సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ దిద్దిన ప్రూఫులోనూ సరిగ్గానే ఉన్నాయి. మాస్టారు ప్రూఫులు చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి ఆకుపచ్చ సిరాతో ఏడు చోట్ల దిద్దారు.

అచ్చయింది ఆరు వందల కాపీలు. సభలో నలభై పోయాయి. మిగతావి లైబ్రరీలకి వెళ్లే ముందు తప్పొప్పుల పట్టిక అతికించాలని మాస్టారు ప్రెస్‌కి చీటీ పంపారు. ఏడు తప్పులు, ఏడు ఒప్పులు. కింద ఒక వాక్యం, పై తప్పులకు బాధ్యత తన భార్యదని. ఆ వాక్యంలో ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఎనిమిది వందల పన్నెండు పేజీల్లో చోటు చాలని పేరు అరచేయంత కాయితంలో చక్కగా పట్టింది.

పట్టిక ప్రూఫు దిద్దడానికి ఎప్పటిలాగే ఆవిడకే వచ్చింది. ఆవిడ ఫోర్‌మన్ బల్ల దగ్గరే నిలబడి చదివింది. ఏడు తప్పుల మీదా చెయ్యి పెట్టలేదు. పైన రెండు వరసలు చేర్చింది.

'ముందుమాట, చివరి వాక్యం. తప్పు: వేళకు టీ అందించి ఓపికతో సహకరించిన. ఒప్పు: ఏడు అధ్యాయాలు రాసిన.'

'ముఖపత్రం. తప్పు: ఒక పేరు. ఒప్పు: రెండు పేర్లు.'

రెండో వరస పక్కన రెండు పేర్లూ రాసింది. తనది ముందు.

ఫోర్‌మన్ కాయితం తిప్పి చూశాడు, మళ్లీ తిప్పి చూశాడు.

"అమ్మా, మాస్టారికి చూపించారా?"

"చూపిస్తే దిద్దుతారు" అంది ఆవిడ.

ఫోర్‌మన్ కళ్ల ముందు ఆకుపచ్చ సిరా మెదిలినట్టుంది. కాయితం మిషన్ దగ్గరికి పంపాడు. ఐదు వందల అరవై చీటీలు. ముఖపత్రం అంచుకే జిగురు పెట్టి అతికించారు. పుస్తకం తెరిస్తే మొదట కనిపించేది అదే. పీకబోతే ముఖపత్రం చిరుగుతుంది, మాస్టారి పేరుతో సహా.

మాస్టారు ఇప్పుడు లైబ్రరీలకి ఉత్తరాలు రాస్తున్నారు. ఆ ఉత్తరాల్లో అక్షరదోషాలు బాగా పెరిగాయని ఒక లైబ్రేరియన్ నాతో అన్నాడు.

చూశారా ఎంత ఘోరమో! ఒక్కావిడకి తోచింది రేపు అందరికీ తోస్తే? రాణులు కోటల మీద చీటీలు అతికిస్తే? లాలిపాటల కింద 'అజ్ఞాత కవి'ని కొట్టేసి ఎవరో ఒకావిడ సంతకం పెడితే? ఇన్ని వేల ఏళ్ల సాహిత్యానికి ఎంత జిగురు కావాలి? అందుకే అంటున్నాను, ఆడవాళ్లకి పేరు వద్దు. పేరు ఇస్తే ఇచ్చారు గానీ, తప్పులు మాత్రం వాళ్ల మీదికి నెట్టకండి. తప్పు చేతికిస్తే వెనకాలే పేజీ కూడా అడుగుతున్నారు!

ఈ వ్యాసం పంపే ముందు ఎప్పటిలాగే మా ఆవిడ ముందు పెట్టాను. ఇది ఇరవై రెండేళ్ల అలవాటు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. పెన్ను మాత్రం ముట్టుకోలేదు.

"తప్పులేం లేవా?" అన్నాను.

"ఎందుకు లేవు? బోలెడున్నాయి."

"మరి దిద్దవేం?"

"మీవి కదా. మీ దగ్గరే ఉండనివ్వండి" అని కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టుకుంది.

కాబట్టి పాఠకులారా, ఈ వ్యాసంలో తప్పులు కనబడితే అవి నావే. ఇరవై రెండేళ్లుగా తప్పుల్లేకుండా వచ్చినవి ఎవరివని మాత్రం నన్ను అడగకండి.