మూడో అంతస్తు ఖాళీ లేదు

ఆ గురువారం ఉదయం గిజెలా హుబ్నర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందుగదిలోని సోఫాను వదిలించుకోవాలి. సాయంత్రం కింద ఉండే ష్టాంగెల్ గారు పేకాటకు బయల్దేరగానే, బాల్కనీలోని టమాటా తొట్లన్నిటినీ సోఫా ఉన్నచోటికి చేరవేయాలి. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు, ష్టాంగెల్‌కు అసలే తెలియకూడదు.

ఎందుకంటే ష్టాంగెల్‌తో ఆవిడకు పందెం నడుస్తోంది. మే నెల నడుమ మంచు మునులు, అంటే ఆఖరి చలిని మోసుకొచ్చే ఆ తేదీల సాధువులు, వరసగా దిగుతారనీ, అందరికన్నా ఆఖర్న చల్లని సోఫీ వస్తుందనీ, ఆ మహాతల్లి రోజు గడిచేదాకా లేత మొక్కను గడప దాటించకూడదనీ మ్యూనిక్‌లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. గిజెలాకూ తెలుసు. కానీ ఇన్నాళ్ళూ బడి వంటశాలలో గరిటె తిప్పి ఈమధ్యే విశ్రాంతి దొరికిన మనిషి, చలికాలమంతా బాల్కనీ తోట గురించే కలలు కంది. ఏ మూలకు ఎప్పుడు ఎండ తగులుతుందో సుద్దముక్కతో నేలమీద గీసుకుంది. వెనకగోడకు ఆనించి టమాటాలు, కమ్మీల మీదికి పాకించడానికి చిక్కుళ్ళు, నీడపట్టున పాలకూర, వేలాడే బుట్టల్లో స్ట్రాబెర్రీలు. మార్చిలో కిటికీల్లో పోసిన నారు ఏప్రిల్ ఆఖరుకల్లా ఏపుగా పెరిగి తెరల్లోకి దూరింది. ఇక ఆగలేక అన్నీ బయట పెట్టేసింది.

పెరట్లోంచి తలెత్తి చూసిన ష్టాంగెల్ ఊరుకునే రకం కాదు. ఆ మేడలో అందరికన్నా ముందు దిగినవాడు. చెత్తడబ్బా మూత ఎలా వేయాలో దగ్గర్నుంచి అందరికీ నేర్పే బాధ్యత తనంతట తానే నెత్తిన వేసుకున్నవాడు.

"గిజెలా గారూ, పిల్లలకు శాలువాలు కూడా కప్పండి. సోఫీ ఇంకా రాలేదు" అన్నాడు.

గిజెలాకు ఒళ్ళు మండింది. సోఫీ వెళ్ళాక కూడా మొక్కలు బతికుంటే పెరట్లోని ఎండగోడ తనకివ్వాలంది. బతక్కపోతే తొట్లన్నీ తీసేసి, మేడలో అందరిలాగే ఎర్ర జెరేనియా పూలమొక్కలు పెట్టుకుంటానంది. నలుగురూ చూస్తుండగా చేతులు కలిపారు. ఎండగోడంటే సామాన్యం కాదు. పొద్దస్తమానం ఎండ కాసే ఆ గోడకు ష్టాంగెల్ తాను ఏనాడూ తొక్కని సైకిలును ఆనించి, మరెవరినీ ఒక్క కుండీ కూడా పెట్టనివ్వడు. గిజెలా కిటికీల్లో ఇంకా కీరదోస, గుమ్మడి మొలకలు చోటు కోసం ఎదురుచూస్తున్నాయి. గోడ దక్కితే తోట నిలుస్తుంది, లేకపోతే కన్న కలలన్నీ జెరేనియాల పాలు.

అలాంటిది ఆ పొద్దున రేడియోవాడు, ఈ రాత్రి ఊళ్ళో గడ్డకట్టే చలి ఉంటుందని తాపీగా చెప్పి పాట వేశాడు. మర్నాడే సోఫీ.

సోఫాను రెండో అంతస్తు మలుపు దాకా గిజెలా ఒక్కతే లాగింది. అక్కడ అది ఇరుక్కుని ముందుకూ వెనక్కూ కదలనంది. ఆ చప్పుడు విని, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి ఒకమ్మాయి పైకొచ్చి చెయ్యి వేసింది. పేరు మారైకె. ఉత్తరాది పిల్ల, ఇక్కడి ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు. రోగులను పక్కకు తిప్పే ఒడుపుతో సోఫాను తిప్పి, కాలిబాట మీద దించింది. కావలసినవారు తీసుకెళ్ళండని రాసిన అట్టముక్కను దానికి ఆనిస్తూ, నువ్వే తీసుకోరాదా అంది గిజెలా.

"సోఫా పెట్టుకోవాలంటే ముందు ఇల్లుండాలి కదండీ" అంది మారైకె. "మీరు ఖాళీ చేస్తున్నారా?"

లేదని చెప్పబోయిన గిజెలాకు కిందింటి కిటికీ తెర కదిలినట్టు కనిపించింది. లేదంటే మరి సోఫా ఎందుకు తీసేశారని ష్టాంగెల్ ఆరా తీస్తాడు. తొట్ల కోసమని తెలిస్తే పందెం ఓడినట్టే. అందుకని, ఇంకా ఏమీ అనుకోలేదు, చూద్దామని నసిగింది. ఆ ఊళ్ళో ఇల్లు వెతుక్కునేవాళ్ళ ముందు అనకూడని మాట ఏదైనా ఉంటే అదే.

మారైకె తన వార్డులో ఒకరికి చెప్పింది. ఆ ఒకరికి ఇల్లు లేని అన్నయ్య ఉన్నాడు. అన్నయ్యకు అలాంటి స్నేహితులే ఉన్నారు. ఇక ష్టాంగెల్ అయితే, పందెం ఓడిపోతానన్న భయంతో గిజెలా గారు ఊరే వదిలి పోతున్నారని రొట్టెల దుకాణంలో ప్రకటించాడు. అక్కడ చెప్పాక మళ్ళీ దండోరా వేయించనక్కర్లేదు.

సాయంత్రం గిజెలా చేతులు పైకి మడిచి మొదటి తొట్టిని కౌగిలించుకుంటుండగా గంట మోగింది. తలుపు తీస్తే, మూడో అంతస్తు నుంచి వీధి దాకా మెట్టుకొకరు నిలబడి ఉన్నారు. అందరూ బూట్లు రెండేసిసార్లు తుడుచుకున్నారు. అందరి చంకల్లోనూ ఇల్లు ఇచ్చేవాళ్ళకు చూపడానికి జీతం చీటీ నుంచి నవ్వుతున్న ఫొటో దాకా సర్దుకున్న అట్టఫైళ్ళున్నాయి. మొదటాయన యాపిల్ కేకు తెచ్చాడు. రెండో ఆయన, తాను ఏ వాయిద్యమూ వాయించననీ, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదనీ విన్నవించుకున్నాడు. ఒక జంట తమ పిల్లి ఫొటో చూపించి, అది మెట్ల మీద అసలు చప్పుడు చేయదని పూచీ పడింది.

గిజెలా కంగారుగా కిందికి తొంగిచూసింది. పేకాటకు వెళ్ళవలసిన ష్టాంగెల్ మెట్ల మొదట్లో నిలబడి, గోడకు ఆనుకోవద్దు, కుడివైపు ఖాళీగా ఉంచండి అంటూ వరసను నడుపుతున్నాడు. పండగ చేసుకుంటున్నవాడి మొహంలా ఉంది ఆయన మొహం. ఇప్పుడు నిజం చెబితే ఆయన వింటాడు. చెప్పకపోతే మొక్కలు చస్తాయి. తెరిచిన బాల్కనీ తలుపులోంచి గాలి అప్పుడే సూదుల్లా గుచ్చుకుంటోంది. గిజెలాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు కేకాయన, బాల్కనీ ఒకసారి చూడొచ్చా అని వినయంగా అడిగాడు. గిజెలా ఆయన భుజాల వంక చూసింది. మంచి వెడల్పైన భుజాలు.

"చూడొచ్చు బాబూ. తొట్లు అడ్డం వస్తాయి, చూసేవాళ్ళు తలా ఒకటి లోపల పెట్టి చూడండి" అంది.

మ్యూనిక్‌లో ఇంటి కోసం మనిషి స్నానాలతొట్టినైనా ఎత్తుతాడు, టమాటా తొట్టి ఒక లెక్కా. కోటు వేసుకున్నాయన మట్టి తొట్టిని పసిబిడ్డలా పొదువుకుని నడిచాడు. పిల్లి జంట చిక్కుడు తీగను కమ్మీ నుంచి ఒక్క ఆకు చిరగకుండా విడదీసింది. వాయిద్యం వాయించని ఆయన, ఎవరూ అడక్కుండానే, వేలాడే బుట్టలను దించాడు. చూస్తుండగానే బాల్కనీ ఖాళీ అయింది, ముందుగది అడవి అయింది. వాళ్ళు ఇల్లు చాలా బాగుందన్నారు.

ఊపిరి పీల్చుకోవడానికి గిజెలా కమ్మీల మీద వంగింది. కింద, ష్టాంగెల్ కిటికీ అరుగుల మీద వరసగా ఎర్ర జెరేనియాలు కనిపించాయి.

నమ్మలేక మళ్ళీ చూసింది. సోఫీ పేరు చెప్పి ఇల్లంతటినీ వణికించిన మనిషి, సోఫీ రాకముందే తన పూలను బయట పెట్టాడు. ఊళ్ళోవాళ్ళంతా ఇల్లు చూడ్డానికి వస్తుంటే కిటికీలు బోడిగా ఉండటం ఆయనకు తల కొట్టేసినట్టయింది. నిలదీసే గిజెలా ఎలాగూ వెళ్ళిపోతోంది. గబగబా పెట్టేసి, వరస సర్దిన ఆనందంలో వాటి సంగతే మరిచి, అప్పుడే పేకాటకు సాగిపోయాడు.

గిజెలా ఒక్క క్షణం, పోనీ గడ్డకట్టనీ అని, సోఫీ పక్షం వహించింది. అబద్ధమెందుకు, ఆ క్షణం ఆవిడకు చాలా హాయిగా గడిచింది. కానీ ఆ పూలు ఏం పాపం చేశాయి? మారైకె కూడా వరసలోనే ఉంది. ఆ అమ్మాయినీ మరో ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళి, జెరేనియా పెట్టెలన్నీ పైకి మోయించింది.

తర్వాత మెట్ల మీద నిలబడి, ఇల్లు ఖాళీ లేదనీ, తాను ఎక్కడికీ పోవడం లేదనీ, మొక్కల మీది మమకారంతో నోరు మెదపలేదనీ అందరికీ చెప్పేసింది. అన్ని ఆశలను మెట్టుమెట్టునా నిలబెట్టి వాడుకున్నందుకు నిజంగానే సిగ్గుపడింది. కేకాయన, కేకు ఉంచుకోండి, పళ్ళెం మాత్రం తర్వాత వచ్చి తీసుకుంటానన్నాడు. దాంతో ఎవరో నవ్వారు. ఆ కేకును అక్కడే కోసి, మెట్ల మీదే అందరూ తిన్నారు.

తెల్లవారేసరికి పెరట్లో సైకిలు సీట్ల మీద మంచు పేరుకుపోయి ఉంది. ష్టాంగెల్ బోడి కిటికీల ముందు నిలబడి, తర్వాత చెత్తడబ్బాల వెనక, తర్వాత పొదల్లో తొంగిచూస్తున్నాడు. దొంగలు పడ్డారని అరవడానికి లేదు. అరిస్తే, ముందు పూలను బయట ఎందుకు పెట్టావంటారు.

"ఏం వెతుకుతున్నారు ష్టాంగెల్ గారూ?" పైనుంచి అడిగింది గిజెలా.

"ఏమీ లేదు. మంచు ఎంత పడిందో చూస్తున్నా."

"మీ పూలు ఇంకా లోపలే కదా, మీకేం భయం."

"సోఫీ దాటకుండా నేనెప్పుడైనా బయట పెట్టానా?" అన్నాడాయన.

"అయితే మా ఇంట్లో ఉన్నవి ఎవరివో ఒకసారి వచ్చి చెప్పండి" అంది గిజెలా.

ఆయన మూడు అంతస్తులూ ఎక్కాడు. టమాటాల మధ్య తన జెరేనియాలు ఒక్క మొగ్గ రాలకుండా నిలబడి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసి, టమాటాలను కూడా లోపల దాచారుగా, ఇదేం పందెమని సణిగాడు. బతకాలన్నదే పందెం, ఎక్కడ బతకాలో అనుకోలేదంది గిజెలా. బయట ఉంచితే ఎవరివి బతికేవో చెప్పమంది. ష్టాంగెల్ అదేమీ విననట్టు, మొగ్గ రాలకుండా మోసిందెవరని అడిగాడు. తన పుస్తకాల గది ఒకటి ఊరికే పడి ఉందనీ, చేతులు నెమ్మదిగల మనిషైతే ఇస్తాననీ అన్నాడు. గిజెలా పేరు చెప్పింది, అలా మారైకెకు ఇల్లు దొరికింది.

మధ్యాహ్నానికి సైకిలు గోడ దగ్గర్నుంచి కదిలింది. ఆ పై వారమే కీరదోసా గుమ్మడీ, వాటి వెంట కొన్ని టమాటా తొట్లూ కిందికి దిగాయి. గిజెలా ఒక్కో తొట్టినీ ఎండలోకి జరుపుతూ, ఎవరూ చూడకుండా గోడను అరచేత్తో నిమిరింది. గోడ వెచ్చగా ఉంది. బడి వంటశాల వదిలాక ఆవిడ అంత సంతోషంగా ఎన్నడూ లేదు.

ఆగస్టులో తొట్ల నిండా టమాటాలు ఎర్రబడ్డాయి. చూడ్డానికి వచ్చిన పేకాట మిత్రులకు ష్టాంగెల్ గోడ పొడవునా నడిచి, ఇవన్నీ మా టమాటాలని చూపించాడు. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం అవి ఇంకా గిజెలావే.