పెద్ద 'అ', చిన్న 'అ'

ఇకపై ప్రజలు పంపే ప్రతి అర్జీనీ తానే స్వయంగా, ట్యాబ్లెట్‌లో, విలేకరుల ఎదుటే చదువుతానని మంత్రిగారు ప్రకటించారు. చదవడమనే బరువును ఒక మంత్రి ఇంత బహిరంగంగా నెత్తికెత్తుకోవడం మునుపెన్నడూ జరగలేదు కాబట్టి హాలు చప్పట్లతో మారుమోగింది.

అందరికంటే గట్టిగా కొట్టినవాడు మంత్రిగారి పీఏ. వాళ్ల అక్క బజారు సందులో బట్టలు కుట్టే షాపు నడుపుతోంది. మంత్రిగారి కొత్త ఆఫీసుకొచ్చే కార్లు నిలపడానికి చోటు కావాలని ఆ షాపును సోమవారం కూల్చబోతున్నారు. ఆపగలిగింది మంత్రిగారొక్కరే. పీఏ నోరు తెరిచి అడిగితే ఉద్యోగం ఊడుతుంది. అర్జీ అయితే ఎవరైనా పెట్టుకోవచ్చు.

మొదటిరోజే చిక్కొచ్చి పడింది. మంత్రిగారికి చత్వారం. కళ్లజోడు మాత్రం పెట్టుకోరు. పోస్టర్లలో ఆయనకు ముప్ఫై ఏళ్లు దాటలేదు మరి. ట్యాబ్లెట్‌ను చెయ్యి చాచినంత దూరం జరిపారు, ముక్కుదాకా తెచ్చుకున్నారు, చివరికి పీఏ వంక చూశారు. పీఏ పేజీ పైనున్న పెద్ద 'అ' గుర్తు నొక్కాడు. అక్షరాలు లావెక్కాయి.

"ఇంకా పెంచవయ్యా. ప్రజల సమస్యల్ని చిన్నవిగా చూసే అలవాటు నాకు లేదు" అన్నారు మంత్రిగారు.

మర్నాడు పత్రికల్లో అదే పతాకశీర్షిక. ఆ శీర్షిక అక్షరాల ముందు ట్యాబ్లెట్ అక్షరాలు వెలవెలబోతున్నాయని మంత్రిగారు బాధపడ్డారు. పీఏ మళ్లీ పెంచాడు. అలా పెంచుకుంటూ పోగా నాలుగు రోజులు తిరిగేసరికి తెరమీద ఒకే ఒక్క మాట పట్టసాగింది. అర్జీ అన్నాక ఎవరిదైనా 'గౌరవనీయులైన' అనే మొదలవుతుంది. మంత్రిగారు ఆ మాటను కంఠమెత్తి చదివి, కళ్లు తుడుచుకుని, 'చదివాను' అన్న బటన్ నొక్కి తరవాతి అర్జీకి వెళ్లేవారు. అందులోనూ గౌరవమే.

పేజీ కిందికి జరపాలని పీఏ ఒకసారి మెల్లగా విన్నవించాడు. మొదటి మాటలోనే మనిషి మనసు తెలిసిపోతుందని మంత్రిగారు సెలవిచ్చారు. ఇంకోసారి ఆయన టీ తాగుతుండగా పీఏ చాటుగా చిన్న 'అ' నొక్కాడు.

"ఏమయ్యా, నా గౌరవం తగ్గిందేం?" అన్నారాయన కప్పు దించి.

పీఏ గబగబా పెంచేశాడు. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, ఈ బిరుదులన్నీ ఎత్తేసి అసలు విషయంతోనే అర్జీ మొదలుపెట్టమన్నాడు.

"మర్యాద లేకుండా రాస్తే ఏం బాగుంటుందిరా?" అంది అక్క.

"మర్యాదగా రాస్తే షాపు పోతుందక్కా."

ఆదివారం విలేకర్లు వచ్చి కూర్చున్నారు. మంత్రిగారు గొంతు సవరించుకుని అక్క అర్జీ తెరిచారు. తెర నిండా 'కూల్చకండి' అని ఉంది. ఆయన తెరిచిన నోరు మూసి పీఏ వంక చూశారు. విలేకర్లు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు.

"చిన్నది నొక్కు" అన్నారు మంత్రిగారు లోగొంతుకతో.

పీఏ గుండె గంతులేసింది. ఇన్నాళ్లకు నోచుకున్న ఆజ్ఞ. గబుక్కున నొక్కాడు. అక్షరాలు ఒద్దికగా సర్దుకున్నాయి. షాపు, సోమవారం, కార్లు, అక్క పదిహేనేళ్ల కష్టం, అన్నీ ఒక్క తెరలో పట్టాయి.

"ఇంకా" అన్నారు మంత్రిగారు.

అక్షరాలు చీమల బారులయ్యాయి.

"ఇంకా."

తెరమీద బూడిదరంగు మరక మిగిలింది. మంత్రిగారు దాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి పరీక్షగా చూశారు. ముఖం విప్పారింది. 'చదివాను' నొక్కి ట్యాబ్లెట్‌ను విలేకర్ల వైపు తిప్పారు.

"మా హయాంలో ప్రజాసమస్యలు ఎంత తగ్గాయో మీరే చూడండి."

కెమెరాలు మెరిశాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. పీఏకు ఏడుపొచ్చింది, అయినా చేతులు అలవాటుకొద్దీ కలిశాయి.

బయటికి రాగానే ఫోన్ మోగింది.

"చదివారట్రా?" అంది అక్క.

"చదివారక్కా."

"మొత్తమా?"

"మొత్తం ఒక్కసారే చూశారు" అన్నాడు పీఏ. "నువ్వు మాత్రం కుట్టుమిషన్ ఇవాళే ఇంటికి తెచ్చేసుకో."